పక్కనున్నాయన

ఆగస్టు 4, సోమవారం

ఇయ్యాల ఇప్పలబండ స్టేషన్ తాళం చెవి నా చేతిల పెట్టిన్రు. చెవి ఉన్నది గని తాళం లేదు, తుప్పు ముద్ద ఉన్నది. ఓపెన్‌కాస్టు బొగ్గుగని కోసం పట్టాలు అవుతలికి జరిపినప్పటి నుంచి, అంటే పదహారేండ్ల నుంచి, ఆ దిక్కు మేకలు తప్ప ఎవ్వరు పోతలేరు. ఇప్పుడు దాన్ని కంపెనీ హెరిటేజ్ పార్కు చేస్తదట. "సదానందం, నీకు రిటైర్మెంటు మూడు నెలలే ఉన్నది. ఆఫీసుల కూసోని ఫైళ్లకు దారాలు కట్టుడెందుకు, పాత సామాన్లు, పాత ఫోటోలు జమ చెయ్యి, బోర్డుల మీదికి పేర్లు రాసియ్యి" అన్నడు ఇంజనీరు జగదీశ్వర్ సార్. సివిల్ సెక్షన్ల ముప్పై నాలుగేండ్లు గుమస్తాగ పెన్ను గోకినోన్ని. సరే సార్ అన్న.

పోయి చూసిన. తుమ్మకొమ్మలు టికెట్ కిటికీల నుంచి లోపటికి పోయినయ్. ప్లాట్‌ఫారం మీద సిమెంటు బెంచి అట్లనే ఉన్నది, ఎడమ దిక్కు మూల పలిగి. నాయిన ఎప్పుడు ఆ పలిగిన దిక్కే కూసునేటోడు, నన్ను మంచి దిక్కు కూసోబెట్టి.

ఐతారం ఐతారం అచ్చేటోళ్లం. నాయినకు రైలంటే పానం. వారమంత బొగ్గుబాయిల చీకట్ల పనిచేసి, ఐతారం తానం జేసి, తెల్ల ధోతి కట్టుకోని, సైకిల్ మీద నన్ను ముందల కూసోబెట్టుకోని సాయంత్రం బండికి అచ్చేటోడు. మేం ఎక్కేది లేదు, ఎవ్వరిని దింపుకునేది లేదు. దిగేటోళ్ల మొఖాలు చూస్తుండె. బండి పోయినంక లేసి, నాకు పల్లీలు కొనిచ్చి, ఇంటిబాట పట్టేటోడు.

ఇయ్యాల నేను గూడ కూసున్న. గాలికి బొగ్గుదుమ్ము లేసి ఎండల తేలుతున్నది. బండి రాదని నాకు ఎరుకనే. అయిన అయిదు దాటిందాక కూసున్న.

ఆగస్టు 5

అవ్వకు చెప్పిన. మా అవ్వ సారవ్వకు ఎనభై దాటినయ్, చెవులు సగమే ఇనవడుతయ్.

"అవ్వా, ఇప్పలబండ స్టేషన్ మళ్ల తెరుస్తున్నరు."

"బండి ఆగుతదా?"

"ఆగది. పార్కు చేస్తున్నరు."

"బండి ఆగని కాడ స్టేషనెందుకురా?"

జమున వంటింట్ల నుంచి నవ్వి, "మీ కొడుకు కూసోనీకి అత్తమ్మా, రిటైర్ అయినంక ఇంట్ల నా పానం తీయకుంట" అన్నది. పెండ్లయి ఇన్నేండ్లయినా నా భార్య నోటికి ఆదివారం లేదు.

ఆగస్టు 11

దొరికినయి: సిగ్నల్ చెయ్యి ఒకటి, లాంతర్లు రెండు, మూటలు తూచే కాంట, టికెట్లు పెట్టే చెక్క అర. అరల ఇంక నాలుగు అట్టముక్క టికెట్లు ఉన్నయ్. ఒకటి జేబుల ఏసుకున్న. రాసుకోవద్దు గని రాస్తున్న.

ఆగస్టు 19, మంగళవారం

పాత ఫోటోలు ఉంటే తెచ్చియ్యుండ్రి అని పేపర్ల చిన్న ప్రకటన ఇచ్చినం. ఇయ్యాల కాసిపేట నుంచి ఒక పిల్ల స్కూటీ మీద అచ్చింది. పేరు దీప, మీసేవ సెంటర్ నడుపుతదట. ప్లాస్టిక్ కవర్ల, దాని లోపట బట్టల, దాని లోపట ఫోటో.

"మా తాత గట్టయ్య సార్. అరవై రెండుల బాయిపనికని అచ్చి ఈ స్టేషన్లనే దిగిండు. దిగిన వారానికి ఈ ఫోటో పోస్టుల పంపిండట. అంతే, మళ్ల మనిషి రాలే, జాబు రాలే. అప్పటికి మా నాయిన కిషన్ పాలు తాగే పిల్లగాడు. మా నాయినమ్మ ఐలవ్వ సచ్చిందాక బొట్టు తియ్యలే."

ఇంకో మాట గూడ అన్నది. "పెత్రమాసకు ఊరంత పోయినోళ్ల పేరు మీద బియ్యం ఇస్తరు గదా సార్. మా ఇంట్ల తాతకు ఇయ్యరు. ఉన్నడో పోయిండో తెల్వనోనికి ఎట్ల ఇస్తరు? నాయినమ్మ ఇయ్యనియ్యలే. అందుకే గీ గోడ మీదన్న ఆయన పేరుంటె బాగుండు."

ఫోటోల ఇద్దరు. స్టేషన్ బోర్డు ముందట, ఒకని భుజం మీద ఒకడు చెయ్యేసి. ఎడమ దిక్కు పొడుగాయన గట్టయ్యనట.

"పక్కనున్నాయన ఎవరో మాకు తెల్వదు సార్. మీకేమన్న తెలుస్తదా?"

తెల్వదమ్మా అన్న.

రసీదు రాసిచ్చిన. పాత ఫోటో ఒకటి, మనుషులు ఇద్దరు అని. ఆ పిల్ల మొక్కి పోయింది.

పక్కనున్నాయన మా నాయిన. ఇరవై ఏండ్లు గూడ ఉండయేమో. ఆ చెవులు రోజు అద్దంల చూసుకునేటియే.

ఆగస్టు 20

ఫోటో ఆఫీసు బీరువాల పెట్టిన. స్టేషన్ గోడలకు ఇంక చెమ్మ ఉన్నది, తగిలిస్తె ఖరాబైతది. ఇంకేం లేదు.

ఆగస్టు 24, ఐతారం

రాసుడే మంచిది. ఎన్నడు రాసుకోని సంగతి.

నాయిన పేరు గట్టయ్య కాదు.

మా దగ్గర ఇది పెద్ద వింత గాదు. ఆ రోజులల్ల ఒకని నౌకరి చీటి మీద ఒకడు బాయిల దిగేటోడు. చీటి మీద ఏ పేరుంటె ఆ పేరుతోనే హాజరు, ఆ పేరుతోనే జీతం, క్వార్టరు, దవాఖాన. మారుపేరోళ్లు అంటరు. బాయి పేరొకటి, ఇంట్ల పేరొకటి. కొందరికి బాయి పేరే మిగిలిపోయింది. మా నాయిన అట్లనే. నా పదో తరగతి కాయితంల తండ్రి గట్టయ్య. నా పెండ్లి కార్డుల గట్టయ్య. నాయిన తొంబై ఒకటిల డ్యూటీల ఉండంగనే పోతే, ఆయన జాగల నాకు నౌకరి ఇచ్చిన ఆర్డర్ల గట్టయ్య కొడుకు సదానందం.

మరి అసలు పేరేంది? తెల్వదు. నాయిన ఊరు గోదారి అవుతల, మమ్మల్ని ఎన్నడు తీస్కపోలే. ఆడ ఎవడన్న సొంత పేరు పెట్టి పిలిస్తె మా నోట్లె నుంచి బయటవడుతదని కావచ్చు. ఇప్పుడు ఆ ఊరే ప్రాజెక్టు నీళ్లల్ల ఉన్నది. ఇంక ఎరుకున్నది అవ్వకొక్కదానికే. అవ్వ మొగని పేరు ఎత్తదు. నేను అడుగలే. చిన్నప్పుడు భయమయ్యేది, పెద్దయినంక అక్కెర పడలే.

అక్కెర పడలే అని రాసిన గదా. పడలేదనే అనుకున్న.

ఇన్నేండ్లు నేను పని చేసిన, ఉట్టిగ జీతం తీసుకోలే. పనిల మోసం చెయ్యలే. ఆ పిల్ల తాత ఏడికి పోయిండో నేనేం చెయ్యాలె? అక్టోబర్ ముప్పై ఒకటికి దండ ఏయించుకోని ఇంటికి పోవుడే నా పని. ఇప్పుడు మారుపేరని తేలితె రిటైర్మెంటు కాయితాలు ఏ బల్ల మీద ఆగుతయో, ఎంక్వయిరీలని ఎన్నేండ్లు తిప్పుతరో. ఇసొంటియి చూసిన. ఏడ్సుకుంట తిరిగినోళ్లను చూసిన.

ఫోటోకు చెమ్మ తగులద్దు. అంతే.

సెప్టెంబర్ 2

దీప ఫోన్ జేసింది. "సార్, ఫ్రేమ్ కట్టిన్రా?" నడుస్తున్నదమ్మా అన్న.

సెప్టెంబర్ 7, ఐతారం

అవ్వకు తలకు నూనె రాసుకుంట అడిగిన. నేనే రాస్త ఐతారం పూట, జమున చేతులు గట్టిగున్నయని అవ్వ ఒప్పుకోదు.

"అవ్వా, గట్టయ్య ఎవరు?"

"ఎండ తగిలిందా ఏంది నీకు? మీ నాయిన."

"అసలు గట్టయ్య."

అవ్వ దువ్వెనల చిక్కిన ఎంటికలు తీసుకుంట కూసున్నది. ఇనవడలేదేమో అనుకున్న. ఇనవడ్డది.

"పొడుగుంటుండెనట" అన్నది. "బండిల దోస్తులయిన్రట ఇద్దరు. ఒక్క గుడిసెల ఉన్నరు. చీటి ముందుగాల ఆయనకచ్చింది. తెల్లారి బాయి కాడికి పోయి, బాయి మూతి కాడ నిలవడి లోపటికి చూసి వణికిండట. నాతోని గాదు అన్నడట. చీటి మీ నాయిన చేతుల పెట్టి, నా పేరు మీద నువ్వు దిగు, నేను చందా అడవుల దిక్కు కట్టెపనికి పోత, ఆర్నెల్లకు అచ్చి నా పేరు నేను తీసుకుంట, అప్పటికి భయం పోతది అని బండెక్కిండు."

"మళ్ల?"

"మళ్లేముంది. రాలే. ఇంటికి గూడ పోలేదా ఏంది?"

"పోలేదట."

అవ్వ కండ్లు మూసుకున్నది. "మీ నాయిన ఐతారం ఐతారం స్టేషన్‌కు పోయి చూసేటోడు. ఊరేదో సరింగ అడుగలేనే అని బాధపడుతుండె. పేరు వాపస్ ఇయ్యాలె గదరా, ఎన్ని రోజులని పెట్టుకుంట అనేటోడు."

నా చేతులు నూనెతోనే ఆగిపోయినయ్. నేను రైలంటే పానం అనుకున్న. అరవై ఏండ్లచ్చిందాక గదే అనుకున్న.

"నాయిన అసలు పేరేందే?"

"మొగని పేరు ఎత్తుతె ఆయుష్షు తగ్గుతది."

"పోయి ముప్పై నాలుగేండ్లాయె. ఇంకేం తగ్గుతది?"

"నీ నౌకరి" అన్నది. "అయిపోనియ్యి. అప్పుడు చూద్దాం."

ఈమె చెవిటిదని మేం అనుకుంటం గని, అన్ని ఎరుకనే.

సెప్టెంబర్ 14

తుమ్మలు కొట్టేసిన్రు. గోడలకు సున్నమేసిన్రు. పెయింటర్ జైపాల్ స్టేషన్ బోర్డు మీద పసుపు రంగేసి నల్ల అక్షరాలు దిద్దుతున్నడు. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టుల బ్లాస్టింగ్ కొట్టిన్రు, ప్లాట్‌ఫారం జర్రంత వణికింది, లాంతర్లు ఊగినయ్. బండి అచ్చే ముందు గట్లనే వణుకుతుండె.

బెంచి మీద కండ్లు మూసుకున్న. బండి అచ్చింది. ఉట్టిగ రాస్తలేను, అచ్చింది. పొగ నా మొఖం మీద నుంచి పోయింది. తలుపు తలుపుకు మనుషులు, సద్దిగిన్నెలు, మూటలు, ఒకామె సంకల పిల్ల. అందరు దిగిన్రు. నాయిన పలిగిన దిక్కు నుంచి లేసి నిలవడి ఒక్కొక్కని మొఖం చూస్తున్నడు. పొడుగాయన ఎవ్వరు దిగలే. బండి పోయింది. నాయిన నా దిక్కు చూసి పల్లీలు తింటవా అన్నడు.

కండ్లు తెరిస్తె జైపాల్ ముందట ఉన్నడు. "సార్, చాయ్ తాగుతరా అని అడుగుతున్న" అన్నడు.

సెప్టెంబర్ 21, ఐతారం, పెత్రమాస

పొద్దుగాలనే మంథని పోయిన. నాయిన పోయినప్పటి నుంచి ఒక్క ఏడాది తప్పలే. అనంతరామ్ పంతులు ఇంటి ముందట ఎప్పటి లెక్కనే వరుస. బియ్యం, కందిపప్పు, గుమ్మడికాయ ముక్క, చింతపండు, మిరపకాయలు, ఉప్పు, అన్ని చాటల సదిరి పట్టుకోని కూసున్న. పంతులు నీళ్లు ఇడిసి, "నాయిన పేరు చెప్పు సదానందం" అన్నడు. ఆయనకు ఎరుకనే, అయినా అడుగుతడు. నోటితోని చెప్పాలె, చెప్తెనే చేరుతది.

గ, అన్న. అంతకన్న రాలే.

"గట్టయ్య గదా" అని ఆయననే అందుకోని చదివిండు. నేను తలూపిన.

బస్సుల అచ్చేటప్పుడు తట్టింది. ముప్పై నాలుగు పెత్రమాసలు గట్టయ్య, గట్టయ్య అని పిలిచి పెట్టిన. పిలిచినోడే గదా అచ్చి తినేది. మా నాయిన ఆడ ఓ పక్కకు నిలవడి ఉంటడు. ఇంకొకని పేరు మీద బతికినోడు, పోయినంక గూడ ఇంకొకన్ని పిలుస్తుంటె చూసుకుంట నిలవడ్డడు. తెలిసో తెల్వకో నా నాయినను నేనే ఉపాసం పెట్టిన.

బస్సుల ఏడ్చిన. పక్క సీటాయన దవాఖాన నుంచి అస్తున్నవా అన్న అని అడిగిండు. ఆ అన్న.

ఇంటికాడ జమున ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తున్నది. నా మొఖం చూసి, పూలు పక్కకు పెట్టి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

సెప్టెంబర్ 28, ఐతారం

బీరువాల నుంచి ఫోటో తీసి, కాసిపేట పోయిన. మీసేవ సెంటర్ల దీప ఒక్కతే ఉన్నది. చెప్పిన. ఫోటో ఆమె చేతికిచ్చి, కూసోని గాదు, నిలవడే చెప్పిన. పక్కనున్నాయన మా నాయిన. మీ తాత పేరు మీద బాయిల పనిచేసిండు. ఆ పేరు మీదనే నాకు నౌకరి అచ్చింది. మొన్న నువ్వడిగితె తెల్వదన్న.

ఆ పిల్ల కీబోర్డు పక్కకు జరిపింది.

"మా నాయిన బతుకంత మంది పొలాలల్ల కైకిలి చేసిండు సార్" అన్నది. "గట్టయ్య కొడుకు అంటె మా నాయిన. ఆ నౌకరి ఆయనది."

అవునమ్మా అన్న. ఇంకేమంట? అది నిజం. ఇన్ని రోజులు డైరీల గూడ ఆ ఒక్క మాట రాయలే. ఆ నౌకరి కిషన్‌ది.

తిడుతదనుకున్న. తిడితె బాగుండు. దీప లేసి షట్టరు సగం కిందికి గుంజి, నాకు కుర్చీ ఏసింది. మా అవ్వ చెప్పిందంత చెప్పిన, చీటి, భయం, చందా, ఐతారం బండి. ఇనుకుంట ఇనుకుంట ఒక్కసారి ఆపింది.

"సార్, పెత్రమాసకు మీరు బియ్యం ఏ పేరు మీద ఇస్తున్నరు?"

"గట్టయ్య."

"ఎన్నేండ్ల నుంచి?"

"ముప్పై నాలుగు."

చున్నీ మొఖానికి అడ్డం పెట్టుకున్నది. "అయితె మా తాత ఉపాసం లేడు" అన్నది. "నాయినమ్మ అన్నం ముందట కూసున్నప్పుడల్ల ఆయన తిన్నడో లేదో అనేది. సచ్చిందాక గదే మాట."

ఇద్దరం ఏడ్చినం. సిగ్గు లేకుంట ఏడ్చినం, నేను ఆ పిల్లకంటె ఎక్కువ.

అచ్చేటప్పుడు గడప కాడ అడిగింది. "మరి మీ నాయినకు, కాకా?"

సార్ పోయి కాక అయిన. ఆయన పేరు నాకు తెల్వదు బిడ్డా అన్న.

అక్టోబర్ 4

బోర్డు మీదికి రాసింది జగదీశ్వర్ సార్ ముందట పెట్టిన. "1962ల ఇప్పలబండ స్టేషన్ల దిగిన ఇద్దరు దోస్తులు. ఎడమ దిక్కు గట్టయ్య, కాసిపేట. పక్కన, ఆయన పేరు మీద ఇరవై తొమ్మిదేండ్లు బాయిపని చేసిన" అని రాసి, కొంచెం జాగ ఇడిసిపెట్టిన.

సార్ రెండుసార్లు సదివి కండ్లద్దాలు తీసిండు. "సదానందం, నీ సర్వీసు రిజిస్టర్ల తండ్రి పేరు ఇదే గదా."

"అవును సార్."

"ఓపెనింగ్ పన్నెండుకు. నీ రిటైర్మెంటు ముప్పై ఒకటికి. ఈ ఒక్క బోర్డు నవంబర్ల పెడుదాం. ఇరవై రోజులకు ఏం మునిగిపోతది?"

మంచి మనిషి, నా బాగు కోరే అన్నడు. నాకు గూడ ఆశ పుట్టింది. అబద్ధమెందుకు, శాన పుట్టింది. ఇరవై రోజులే. గని నాయిన గూడ ఆర్నెల్లే అనుకున్నడు.

"వద్దు సార్. అందరితోని పాటే ఉండనియ్యుండ్రి" అన్న.

సార్ పెన్ను పట్టుకోని కిటికీ దిక్కు చూసి, మళ్ల నా దిక్కు చూసి సంతకం పెట్టిండు. "ఎవరన్న అడిగితె నేను అడ్డం పడలేను" అన్నడు. తెలుసు సార్ అన్న. బయటికచ్చి రెండు గిలాసల నీళ్లు తాగిన.

అక్టోబర్ 8

దీప ఫోన్. ఫోటో ఫ్రేమ్ ఆమెనే కట్టిచ్చి తెస్తదట.

అవ్వ నాయిన పేరు ఇంక చెప్తలేదు. జమున అడిగినా చెప్పలే. "అత్తమ్మా, నా మొగని పేరు నేను దినాం తిట్టుకుంట పిలుస్త, ఆయనకేమయింది?" అన్నది జమున. "అందుకే గట్లున్నడు" అన్నది అవ్వ.

అక్టోబర్ 11, శనివారం

రేపు ఓపెనింగ్. ఇయ్యాల సాయంత్రం ఎవ్వరు లేనప్పుడు చూపిద్దామని అవ్వను ఆటోల తీస్కపోయిన. జమున రెక్క పట్టుకున్నది. దీప ముందే అచ్చి ఉన్నది. ఫోటో గోడకెక్కింది. జైపాల్ కింద బోర్డు అంత రాసి, ఇడిసిన జాగ కాడ కుంచె పట్టుకోని, "సార్, ఇంక ఇదొక్కటే" అని కూసున్నడు.

అవ్వ గేటు కాడ ఆగి చూసింది. టికెట్లు తీసుకునేటోడు నిలవడే చిన్న గేటు అది, నీలం రంగేసినం. ఎండ పడమటికి దిగి ప్లాట్‌ఫారమంత పసుపు రంగున్నది. "గిదేనా" అన్నది. "మీ నాయిన నన్ను తీస్కచ్చి మొదలు గీన్నే దింపిండు. బండిల నుంచి దిగంగ చెప్పు ఊడి పట్టాల కింద పడ్డది."

లోపటికి అడుగేస్తుంటె నాకేం తోచిందో, గేటుకు అడ్డం చెయ్యి పెట్టిన. పెండ్లిల కొత్త జంటను ఆడిబిడ్డలు గడప కాడ ఆపుతరు గదా, అట్ల.

"పేరు చెప్తెనే లోపటికి" అన్న.

అవ్వ నా చెయ్యి దిక్కు చూసింది. నా మొఖం దిక్కు చూసింది. ముందుగాల నవ్వింది, పండ్లు లేని నోరంత నవ్వింది. తర్వాత కొంగు నెత్తి మీదికి గుంజుకున్నది. ఎనభై దాటిన మనిషికి సిగ్గైంది, నేను కండ్లార చూసిన.

"నీ నౌకరిరా" అన్నది మెల్లగ.

"ఉంటె ఉంటది అవ్వా, పోతె పోతది. నాయిన ఆకలిమీద ఉన్నడు."

అవ్వ తల దించుకున్నది. జమున రెక్క ఇడిసిపెట్టింది. అవ్వ తన పక్కన ఎవరో నిలవడ్డట్టు జర్రంత జరిగి, జాగ ఇచ్చి, పెండ్లినాడు ఒక్కసారి అన్న మాట మళ్ల అన్నది.

"కొమురెల్లి, నేను అచ్చినం."

నేను చెయ్యి తీసిన.

అక్టోబర్ 13, సోమవారం

బియ్యం పట్టుకోని మంథని పోయిన. పెత్రమాస ఎన్నడో అయిపాయె గదా, ఇప్పుడేంది అన్నడు పంతులు. ఒకాయనకు ఆలస్యమైంది అన్న. నీళ్లు ఇడిసి, నాయిన పేరు చెప్పు అన్నడు.

చెప్పిన.